బంతికి చెయ్యి తగలకుండా

ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీ రంగు ఎవరు మార్చవచ్చో, ఎలా మార్చవచ్చో ఒక దేశపు పార్లమెంటు కూర్చుని చట్టం రాసిందంటే ఎవరికైనా మొదట నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. బ్రిటన్‌లో 2025 జూలై 21న రాజు ఆమోదముద్ర పడిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టాన్ని ఆ నవ్వుతోనే చదవడం మొదలుపెట్టాను. నాది దస్తావేజుల పని. క్రయాలు, తనఖాలు, సొసైటీ నిబంధనలు రాయడం, ఎదుటి పక్షం రాసుకొచ్చిన కాగితంలో కన్నం ఎక్కడుందో వెతకడం, పాతికేళ్లుగా ఇదే బతుకుతెరువు. అలవాటు కొద్దీ ఆ జెర్సీ క్లాజు దగ్గర ఆగి ఒక్కో మాటా విప్పి చూశాను. నవ్వు ఆగిపోయింది. రాసినవాడు పనివాడు.

ఆ క్లాజు సారాంశం ఇది. క్లబ్బు తన చిహ్నంలో గానీ, సొంత మైదానంలో వేసుకునే జెర్సీ ప్రధాన రంగుల్లో గానీ చెప్పుకోదగ్గ మార్పు చేయకూడదు. చేయాలంటే, ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉన్న తన అభిమానుల్లో సగానికి మించి దానికి సుముఖంగా ఉన్నారని తేల్చుకోవడానికి సబబైన ప్రయత్నం ముందుగా చేసి ఉండాలి. ఇంతే. మా ఆఫీసులో జూనియర్ చేతికిస్తే ‘క్లబ్బు జెర్సీ మార్చరాదు’ అని ఒక్క వాక్యంలో రాసి పడేస్తాడు. మరుసటి వారమే కోర్టులో కూర్చోవాల్సి వస్తుంది.

ఎందుకంటే జెర్సీ ఏటా మారుతుంది. కాలరుకు ఒక గీత చేరుస్తారు, చేతి అంచు వెడల్పు చేస్తారు, కొత్తదని చెప్పి అమ్ముకుంటారు. అది వ్యాపారం, చట్టానికి దానితో పేచీ లేదు. అందుకే ‘చెప్పుకోదగ్గ’, అందుకే ‘ప్రధాన’. బయటి ఊళ్లలో ఆడేటప్పుడు వేసుకునే రెండో జెర్సీ గులాబీ రంగులో ఉన్నా, చిలకపచ్చలో ఉన్నా ఎవడికీ పట్టదు. అందుకే ‘సొంత మైదానంలో’. ఇక అభిమానుల లెక్క. పెద్ద క్లబ్బులకు ఆసియాలో, ఆఫ్రికాలో కోట్లమంది ఉన్నారు. అందరినీ లెక్కలోకి తీసుకుంటే ఊళ్లో స్టేడియం పక్కన మూడు తరాలుగా ఉంటున్నవాడి మాట ఆ వరదలో కొట్టుకుపోతుంది. ‘ఇంగ్లండ్’ అనే మాట అక్కడ గట్టు కట్టింది. మరి పక్కన ‘వేల్స్’ ఎందుకు? కార్డిఫ్, స్వాన్సీ, రెక్సమ్, న్యూపోర్ట్ క్లబ్బులు వేల్స్‌వే అయినా ఆడేది ఇంగ్లండ్ లీగుల్లో. ఆ మాట మరిచిపోయి ఉంటే ఈ క్లాజు ఏ ఊరి కథను చూసి పుట్టిందో ఆ ఊరికే వర్తించేది కాదు.

ఆ ఊరు కార్డిఫ్. అక్కడి క్లబ్బుది నీలం రంగు, ముద్దుపేరు బ్లూబర్డ్స్. 2012లో మలేషియా యజమాని విన్సెంట్ టాన్ జెర్సీని ఎర్రగా మార్చారు. చిహ్నంలో నీలిపిట్ట చిన్నదైపోయి ఎర్ర డ్రాగన్ వచ్చి కూర్చుంది. ఎర్రరంగు అదృష్టమని, ఆసియా మార్కెట్లో బాగా పోతుందని వాదన. తమాషా ఏమిటంటే ఆ ఎర్రజెర్సీలోనే కార్డిఫ్ 2013లో ప్రీమియర్ లీగుకు ఎక్కింది. అయినా జనం మెత్తబడలేదు. గెలిచినా సరే, మేం మేము కాకుండా గెలిచామన్నది వాళ్ల బాధ. 2015 జనవరిలో నీలం తిరిగొచ్చింది. యజమాని మనసు మారింది కాబట్టి వచ్చింది. మారకపోయి ఉంటే అడిగే దిక్కు లేదు.

ఇంతకీ ప్రభుత్వానికి ఈ ఆటలో పనేమిటి? ఈ ప్రశ్నకు నేను సిద్ధాంతాల వైపు నుంచి వెళ్లను. మాంచెస్టర్‌కు ఉత్తరాన ఉన్న బరీ అనే ఊరి వైపు నుంచి వెళ్తాను. బరీ క్లబ్బు 1885 నాటిది. ఎఫ్ఏ కప్పు రెండుసార్లు, 1900లోనూ 1903లోనూ గెలిచింది. రెండోసారి ఫైనల్లో డెర్బీ కౌంటీ మీద ఆరు గోల్స్ కొట్టి ఒక్కటీ ఇవ్వలేదు. ఆ ఘనతను మరో క్లబ్బు అందుకోవడానికి 2019 దాకా పట్టింది. అదే 2019లో బరీ లీగులోంచే పోయింది.

2018 డిసెంబరులో ఆ క్లబ్బు ఒక్క పౌనుకు చేతులు మారింది. చవగ్గా వచ్చిందని కాదు, మెడకు చుట్టుకున్న అప్పులు అలాంటివి. అంతకుముందు యజమాని హయాంలోనే గిగ్ లేన్ మైదానం తాకట్టులోకి వెళ్లింది. కారు పార్కింగు స్థలాలను కూడా విడివిడిగా, ఫ్లాట్లలాగా, పెట్టుబడిదారులకు అమ్మారు. ఇలాంటి కాగితాలు మన దగ్గరా నా టేబులు మీదికి వస్తుంటాయి, కాబట్టి ఈ వివరం చదివినప్పుడు ఆశ్చర్యం కంటే గుర్తుపట్టిన భావమే ఎక్కువ కలిగింది. కొత్త యజమాని దగ్గర క్లబ్బు నడిపే డబ్బుందో లేదో చూపించమని లీగు గట్టిగా అడగడం చేతులు మారాక మొదలైంది. 2019 వసంతంలో జట్టు జీతాల్లేకుండానే పై డివిజనుకు ఎక్కింది. ఆగస్టు 27న లీగు ఆ క్లబ్బును వెళ్లగొట్టింది. 134 ఏళ్ల సంస్థ. అంతకుముందు ఏ గడపకు వెళ్లినా జవాబు ఒక్కటే: అది ప్రైవేటు కంపెనీ, వాటాలున్నవాడు యజమాని, తన ఆస్తి తాను తాకట్టు పెట్టుకుంటే మనమెవరం?

నిజానికి బ్రిటిష్ ప్రభుత్వం ఈ ఆటలోకి ఎప్పుడో వచ్చింది. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాటలో చివరి లెక్క ప్రకారం 97 మంది చనిపోయారు. ఆ తర్వాతి టేలర్ నివేదికతో పై డివిజన్ల స్టేడియాల్లో నిలబడి చూసే గట్లు పోయి కుర్చీలు వచ్చాయి, ఆ రోజుల్లోనే మైదానాలకు లైసెన్సులిచ్చే సంస్థా వచ్చింది. ప్రేక్షకుడి ప్రాణానికి రాజ్యం పూచీ పడవచ్చని అప్పుడే ఒప్పుకున్నారు. క్లబ్బు ప్రాణానికి పూచీ పడాలా వద్దా అన్నదే మిగిలిన తగువు.

ఆ తగువు తేలడానికి ఊతమిచ్చింది పేదక్లబ్బులు కాదు, ఆరు సంపన్న క్లబ్బులు. 2021 ఏప్రిల్ 18న యూరప్‌లోని పన్నెండు పెద్ద క్లబ్బులు, అందులో ఆరు ఇంగ్లండ్‌వి, తమకు తామే ఒక సూపర్ లీగు పెట్టుకుంటున్నామని ప్రకటించాయి. మరో రెండు రోజులకు ఇంగ్లండ్ క్లబ్బులు ఆరూ చేతులెత్తేశాయి. స్టేడియాల బయట జనం అంత గోల చేశారు. మధ్యలో ఏప్రిల్ 19న ప్రభుత్వం అభిమానుల పక్షాన సమీక్ష మొదలుపెడుతున్నట్టు ప్రకటించింది. బాధ్యత ట్రేసీ క్రౌచ్‌కు ఇచ్చారు. ఆమె మాజీ క్రీడామంత్రి. జూదపు యంత్రాల మీద పందెం పరిమితి తగ్గించడం ఆలస్యం చేస్తున్నారని 2018లో తన పదవినే వదులుకున్న మనిషి. 2021 నవంబరులో ఆమె ఇచ్చిన నివేదికలో 47 సిఫార్సులున్నాయి. అక్కణ్నుంచి 2023లో శ్వేతపత్రం, 2024 మార్చిలో కన్జర్వేటివ్ ప్రభుత్వపు బిల్లు, ఎన్నికలు రావడంతో అది మురిగిపోవడం, అక్టోబరులో లేబర్ ప్రభుత్వం కొన్ని మార్పులతో దాన్ని లార్డ్స్ సభలో మళ్లీ పెట్టడం, అక్కడ వందల సవరణలు, చివరికి మొదట బిల్లు తెచ్చిన పార్టీయే ఎదురు తిరగడం. రాజకీయం ఎక్కడైనా రాజకీయమే. దాన్ని వదిలేసి పనితనం దగ్గరికి వస్తాను.

చట్టం మొదటి సెక్షను చూడండి. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ నిలకడను కాపాడటం, పెంచడం దీని ఉద్దేశమంటుంది. ఇలాంటి మాట ఎవరైనా రాస్తారు. ఆ వెంటనే నిలకడ అంటే ఏమిటో చెప్పారు. క్లబ్బుల అభిమానుల మేలుకు ఆ ఆట పనికొస్తూ ఉండాలి, ఆ క్లబ్బులతో ముడిపడిన ఊళ్ల ఆర్థిక, సామాజిక క్షేమానికి తోడ్పడుతూ ఉండాలి. అలా ఉంటేనే నిలకడగా ఉన్నట్టు లెక్క. నిర్వచనంలో లాభం లేదు, కప్పులు లేవు, టీవీ రేటింగులు లేవు. వాటాదారు లేడు. కింద ఏ సెక్షనుకు అర్థం చెప్పాల్సి వచ్చినా జడ్జి ఈ రెండు ముక్కల దగ్గరికే రావాలి. క్రయదస్తావేజులో చెక్కుబందీ సరిగ్గా పడితే మిగతా కాగితం సగం దానంతట అదే నిలబడుతుందని మా సీనియర్ అనేవారు. ఇక్కడ హద్దురాళ్లు ముందే పాతి పెట్టారు.

మైదానం గురించిన క్లాజు నాకు మరీ నచ్చింది. ఈ చట్టం కొత్తగా పెట్టిన నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా సొంత మైదానాన్ని అమ్మకూడదు. అమ్మకూడదని ఊరుకుంటే బరీ కథ మళ్లీ జరుగుతుంది, అక్కడ ఆస్తి జారిపోవడం అమ్మకంతో మొదలు కాలేదు. అందుకే తాకట్టు పెట్టడానికీ అనుమతి కావాలన్నారు. పైగా ఆ ఆస్తిలో ‘ఏ హక్కునైనా’ వదులుకోవడం అనే అర్థం వచ్చేలా రాశారు. డెర్బీ కౌంటీ విషయంలో 2018లో మైదానం బయటివాళ్లకు పోలేదు, యజమాని తన మరో కంపెనీకి తానే అమ్ముకున్నారు, లెక్కల పుస్తకంలో నష్టం తగ్గి కనిపించడానికి. 2021లో క్లబ్బు దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇంట్లోవాళ్ల పేరు మీదికి రాసుకుంటే అమ్మకం కిందికి రాదనుకునే తెలివి అన్ని దేశాల్లోనూ ఉంది. ఆ తెలివికి ఈ క్లాజులో చోటు లేదు.

ఊరు మారడం వేరే సంగతి, దానికి వేరే కొలత. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్బు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలిపోవడానికి 2002 మేలో ముగ్గురు సభ్యుల సంఘం ఇద్దరి మాట మీద సరేనంది. వదిలివెళ్లిన అభిమానులు ఆ వేసవిలోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్బు పెట్టుకుని, పార్కులో ఆటగాళ్ల ఎంపిక జరిపి, తొమ్మిదేళ్లలో ఫుట్‌బాల్ లీగుకు ఎక్కారు. 2020లో తమ పాత వీధి ప్లౌ లేన్‌కు తిరిగొచ్చారు. గొప్ప కథే, కానీ ప్రతి ఊరికీ పద్దెనిమిదేళ్లు ఎదురుచూసే ఓపిక ఉండదు. కొత్త చట్టంలో క్లబ్బు ఊరు మారాలంటే రెండు ప్రశ్నలు దాటాలి. డబ్బు నిలకడ దెబ్బతినదు కదా? క్లబ్బు వారసత్వానికి గట్టి దెబ్బ తగలదు కదా? మొదటిది అకౌంటెంటు చెప్పగలడు. రెండోది చెప్పాలంటే ఊళ్లోకి వెళ్లి మనుషుల్ని అడగాలి. డబ్బు, జ్ఞాపకం ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్న చట్టాలు నేను ఎక్కువ చూడలేదు.

క్లబ్బు పేరు మార్చడం సంగతికి వస్తే ఇంకో చిన్న పనితనం ఉంది. పేరు మార్పును కొత్త సంస్థ చేతిలో పెట్టలేదు. ఫుట్‌బాల్ అసోసియేషన్ అనుమతే కావాలన్నారు. కారణం, ఆ పని వాళ్లు అప్పటికే సరిగ్గా చేస్తున్నారు. హల్ సిటీ యజమాని క్లబ్బును ‘హల్ టైగర్స్’గా మారుస్తానంటే 2014 ఏప్రిల్‌లో అసోసియేషనే వద్దంది. పాత మేకు గట్టిగా ఉన్నచోట కొత్తది కొట్టలేదు. సంస్కరణ పేరుతో ఉన్నవన్నీ పీకి కొత్తవి బిగించే ఉత్సాహం ఏ ప్రభుత్వానికైనా ఉంటుంది. ఇక్కడ దాన్ని అదుపులో పెట్టారు.

యజమాని ఎవరన్నది అసలు చిక్కు. ఇంగ్లండ్‌లో దీనికి పాత కథ ఉంది. క్లబ్బులు కంపెనీలుగా మారుతున్న పందొమ్మిదో శతాబ్దపు చివరి రోజుల్లోనే అసోసియేషన్ ఒక నిబంధన పెట్టింది, తర్వాత అది 34వ నిబంధనగా పేరుపడింది. డైరెక్టర్లు జీతం తీసుకోకూడదు, డివిడెండుకు పరిమితి, క్లబ్బు మూతబడితే మిగులు ఆస్తి ఏ క్రీడాసంస్థకో ధర్మానికో పోవాలి. క్లబ్బంటే సంపాదించుకునే చోటు కాదన్నది దాని వెనక ఆలోచన. 1983లో టాటెన్‌హామ్ హాట్‌స్పర్ షేర్ మార్కెట్‌కు వెళ్తూ ఒక హోల్డింగ్ కంపెనీ పెట్టి, క్లబ్బును దాని కింద పెట్టింది. నిబంధన క్లబ్బుకే, పైనున్న కంపెనీకి కాదు. దాదాపు వందేళ్ల గోడను పగలగొట్టాల్సిన పని లేకుండా పక్కనుంచి నడిచి వెళ్లిపోయారు. కొత్త చట్టం రాసినవాళ్లకు ఆ సందు గుర్తుందని నాకు అనిపిస్తుంది. రిజిస్టరులో పేరున్నవాణ్ని దాటి, అసలు పెత్తనం చేసే అంతిమ యజమాని ఎవరో క్లబ్బు పేరుపెట్టి ప్రకటించాలి. కంపెనీ పైన కంపెనీ, దానిపైన ట్రస్టు, దానిపైన ఏదో ద్వీపంలో ఇంకో కంపెనీ, ఎన్ని అంతస్తులైనా ఎక్కి చూడాల్సిందే.

కొనేవాడికి పరీక్ష కొనకముందే. నిజాయితీ, ఆర్థికస్థితి చూస్తారు. డబ్బు ఎక్కడిదో, క్లబ్బును ఎలా నడపబోతున్నాడో, అందుకు ఎంతవుతుందో, ఆ ఖర్చు ఎలా భరిస్తాడో రాసివ్వాలి. ఇప్పటికే ఉన్న యజమాని మీద గట్టి అనుమానం వస్తే అతన్నీ పరీక్షకు నిలబెట్టవచ్చు, తప్పితే వాటాలు వదులుకొమ్మనవచ్చు.

ఈ భాగం చదువుతుంటే మనకు దగ్గరి కథ ఒకటి గుర్తొస్తుంది. డాక్టర్ బి.వి. రావు 1971లో హైదరాబాద్‌లో మొదలుపెట్టి తర్వాత పుణె కేంద్రంగా పెంచిన వెంకటేశ్వర హేచరీస్, అంటే మన వెంకీస్, 2010 నవంబరులో లంకషైర్‌లోని బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నది. 1995లో ప్రీమియర్ లీగు గెలిచిన క్లబ్బది. రెండేళ్లు తిరక్కుండా కింది డివిజనుకు జారింది. ఆ సాయంత్రం జనం క్లబ్బు జెండా కప్పిన బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. కోళ్ల వ్యాపారం వాళ్లకు ఫుట్‌బాల్ ఏం తెలుసన్న ఎకసెక్కం అది. న్యాయంగా చెప్పాలంటే ఆ కుటుంబం ఏళ్ల తరబడి డబ్బు పోస్తూనే వచ్చింది, ఆ డబ్బుతోనే క్లబ్బు బతికింది. కానీ తర్వాత భారత ఏజెన్సీల విచారణ నడుస్తున్న కాలంలో ఆ డబ్బు ఇంగ్లండ్‌కు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సి వచ్చింది. లంకషైర్‌లో ఒక ఊరి క్లబ్బు జీతాలకు ఢిల్లీలో వాయిదా. యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నదానికంటే, అతని డబ్బు దారిలో ఎక్కడైనా ఆగిపోతే ఏంచేస్తావన్నది ముఖ్యమైన ప్రశ్న. కొత్త చట్టం ఆర్థిక ప్రణాళిక అడిగేది అందుకే.

పై ఐదు అంచెల్లోని 116 క్లబ్బులకు లైసెన్సు ఉండాలి. మొదట తాత్కాలికం, తర్వాత పూర్తిది. లైసెన్సు అనగానే మనకు ‘కోటా పర్మిట్ రాజ్’ గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తుంది. ఇక్కడే ఈ చట్టపు పనితనం చూడాలి. క్లబ్బు తలకు మించిన ఖర్చు చేస్తోందనిపిస్తే మొత్తం ఖర్చు తగ్గించుకోమని షరతు పెట్టవచ్చు. ఫలానా ఆటగాణ్ని కొనొద్దు, ఫలానా కోచ్‌కు అంత ఇవ్వొద్దు అనడం మాత్రం నియంత్రణ సంస్థ పని కాదు. షరతు పెట్టేముందు కూడా ఆ లీగును పిలిచి, ఈ సమస్య మీరే సర్దుతారా అని అడగాలి. వాళ్లు పూచీపడి చేస్తే సరి. ఇంటి గొడవలో ముందు ఇంటి పెద్దకు అవకాశమిచ్చి, అప్పటికీ తెమలకపోతేనే బయటివాడు నోరు విప్పినట్టు. ఆఫ్‌సైడ్ నియమాలు, వీడియో రిఫరీ, మ్యాచుల పట్టిక, ఇవేవీ ఈ చట్టంలో లేవు. ఫుట్‌బాల్ మీద ఇన్ని పేజీలు రాసి బంతికి ఎక్కడా చెయ్యి తగలనివ్వలేదు.

డబ్బు పంపకం దగ్గర మాత్రం చేతులు కొంచెం వణికినట్టున్నాయి. ప్రీమియర్ లీగు దేశీయ టీవీ హక్కులు 2025 నుంచి నాలుగేళ్లకు 670 కోట్ల పౌన్లు. దాంట్లోంచి కింది 72 క్లబ్బులకు ఎంతన్నది ఏళ్లుగా తెగని బేరం. మొదటి బిల్లులో ఉపాయం ఇది: రెండు పక్షాలూ తమ ఆఖరి మాట చెప్పాలి, నియంత్రణ సంస్థ రెంటిలో ఒకటి ఎంచుకోవాలి, మధ్యలో తెగ్గొట్టకూడదు. సంతబేరం ఎరిగినవాళ్లకు దీని తెలివి తెలుస్తుంది. మధ్యవర్తి సగానికి సగం తెగ్గొడతాడని ముందే తెలిస్తే అమ్మేవాడు ఆకాశానికి, కొనేవాడు పాతాళానికి లాగుతారు. ఒకరి మాటే పూర్తిగా నెగ్గుతుందంటే ఇద్దరూ సబబైన మాటకే దగ్గరపడతారు. కాగితం మీద చక్కగా ఉంది. కానీ వందల కోట్ల వ్యవహారంలో ఒక పక్షం పూర్తిగా ఓడిపోవడమనేది లార్డ్స్ సభలో చాలామందికి భయం పుట్టించింది. ప్రభుత్వమే దాన్ని మార్చి, సంస్థ దశలవారీగా విని తన నిర్ణయం తాను చేసేలా రాసింది. నాకు పాతదే నచ్చింది. కొత్తదానిలో లాయర్లకు ఎక్కువ పని ఉంది, మా వృత్తికి మంచిదే.

ఈ చట్టం వద్దన్నవాళ్లు ఊరికే అరిచారనలేం. ప్రపంచంలో ఎక్కువమంది చూసే లీగుకు సర్కారు సంకెళ్లు వేస్తే పెట్టుబడి వేరే దేశానికి పోతుందన్నది వాళ్ల వాదన. దానికి జవాబు ఉపన్యాసంలో కాదు, సెక్షనులోనే ఇచ్చారు. నియంత్రణ సంస్థ ఏ పనిచేసినా ఆటలో పోటీకి, విదేశీ క్లబ్బులతో ఇంగ్లిష్ క్లబ్బుల పోటీకి, పెట్టుబడికి వీలైనంతవరకు చెరుపు రాకుండా చూడాలి. కాపలాదారుడికి కర్ర ఇచ్చి, దాంతో ఏం చేయకూడదో ఆ కర్ర మీదే చెక్కినట్టుంది.

బయటి ముప్పు ఇంకొకటి ఉంది. ఫుట్‌బాల్ సంఘాల్లో ప్రభుత్వం తలదూరిస్తే ఫిఫా, యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ ఊరుకోవు. ఇది మనకంటే బాగా ఎవరికి తెలుసు? 2022లో మన సుప్రీంకోర్టు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు పాలకుల కమిటీని వేస్తే, బయటివాళ్ల జోక్యమని ఆగస్టులో ఫిఫా భారత్‌ను సస్పెండు చేసింది. కమిటీని రద్దుచేశాక ఆ నెలాఖరులో ఎత్తేసింది. తర్వాత సమాఖ్య రాజ్యాంగం రాసే పని జస్టిస్ లావు నాగేశ్వరరావుకు అప్పగించారు. ఆ ముసాయిదాను మార్పులతో 2025 సెప్టెంబరులో ఆమోదించిన ధర్మాసనంలో జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్నారు. ఇద్దరూ తెలుగువాళ్లు కావడం కాకతాళీయమే అయినా చెప్పుకోవడానికి బాగుంది. బ్రిటన్ దారి వేరు. సంఘాన్ని ముట్టుకోలేదు, క్లబ్బును మాత్రమే పట్టుకున్నారు. యజమాని పరీక్షలో ప్రభుత్వ విదేశాంగ, వాణిజ్య విధానాన్ని చూడాలన్న మాట పాత బిల్లులో ఉండేది. యూఈఎఫ్ఏ కళ్లెర్రజేసే చోటు అదే. కొత్త బిల్లులో దాన్ని కత్తిరించి పారేశారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. క్రౌచ్ నివేదిక అడిగిన బంగారు వాటా, అంటే వారసత్వ విషయాల్లో అభిమానుల సంఘానికి వీటో ఇచ్చే ప్రత్యేక వాటా, చట్టంలోకి రాలేదు. లండన్‌లోని బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బులో అభిమానుల సంఘం చేతిలో అలాంటిది ఉంది, ప్రపంచం మునిగిపోలేదు. ఇప్పుడు అభిమానుల్ని సంప్రదించాలి, టికెట్టు ధరల మీద కూడా. సంప్రదించడం వేరు, ఒప్పించడం వేరని మన గ్రామసభలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. దేశాల సొమ్ముతో నడిచే క్లబ్బుల ప్రశ్నను పక్కన పెట్టారు. మహిళల ఆటను కలపలేదు. ఇక ఇంత జాగ్రత్తగా కట్టిన ఇంటికి మొదటి తాళం ఇచ్చేటప్పుడే తడబాటు. ఛైర్మన్‌గా ఎంచుకున్న డేవిడ్ కోగన్ లేబర్ పార్టీకి విరాళాలిచ్చినవారు. మంత్రి లీసా నాండీ పార్టీ నాయకత్వానికి పోటీపడ్డప్పుడు ఆమె ప్రచారానికీ ఇచ్చారు. ఆ సంగతి ముందుగా వెల్లడించకపోవడం నియామకాల నియమావళికి విరుద్ధమని తేలి, ఆమె క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఎంత మంచి ముసాయిదా రాసినా సంతకం పెట్టే చెయ్యి రాసినవాడిది కాదు.

ఇదంతా చదివాక మైదానం క్లాజును మన ఊరికి పెట్టి చూడకుండా ఉండలేకపోయాను. బరీని లీగులోంచి పంపించిన ఆ 2019 ఆగస్టు నెలాఖరులోనే పుణె సిటీ క్లబ్బు మూతబడి, ఆ చోటులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం, పసుపు జెర్సీ. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ పోలీసు జట్టుతో 1950 నుంచి వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించిన ఊరికి మళ్లీ ఒక పెద్ద క్లబ్బు. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగు (ఐఎస్ఎల్) గెలిచింది. తర్వాత జీతాల బకాయిలు, ఫిఫా ఆంక్షలు, యజమానుల మార్పు. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పేరు, ఊరు, రంగు, చిహ్నం, నాలుగూ ఒక్క ప్రకటనతో. బ్రిటన్ చట్టంలో ఆ నాలుగింటికీ కలిపి మూడు వేర్వేరు గడపలు ఉన్నాయి, ఒక్కోదాని దగ్గర ఒక్కో ప్రశ్న అడిగే మనిషి ఉన్నాడు. మనకు వచ్చినట్టే పుణె నుంచి వచ్చింది, పోయినట్టే ఢిల్లీకి పోయింది. వచ్చినప్పుడు పుణెవాళ్లను మనం కూడా ఏమీ అడగలేదు లెండి.

బరీ సంగతి చెప్పి ఆపుతాను. 2022లో అభిమానుల బృందం, కొంత ప్రభుత్వ నిధి తోడుగా, గిగ్ లేన్‌ను కొనుక్కుంది. మరుసటి ఏడాది విడిపోయి ఉన్న రెండు అభిమాన సంఘాలు ఒక్కటై పాతపేరుతో జట్టును మళ్లీ దింపాయి. అయితే వెళ్లగొట్టబడ్డ క్లబ్బు నిచ్చెన అడుగు మెట్ల నుంచి ఎక్కాలి. బరీ ఇప్పుడు ఆడుతున్నది ఐదో అంచెకు చాలా కింద. చట్టంలోని ఆ 116 క్లబ్బుల లెక్కలో దాని పేరు లేదు.